సోమవారం దండ

ఆమె పని పళ్ళ సెట్లు తయారుచేసే చోట. డాక్టర్ల దగ్గర్నుంచి నోటి అచ్చులు వస్తాయి. ప్లాస్టర్ నీళ్ళలో కలిపి ఆ అచ్చుల్లో పోస్తుంది. గట్టిపడ్డాక విప్పుతుంది. ఎవరిదో దవడ బల్ల మీదికి వస్తుంది. అంచులు అరగదీస్తుంది, ఊదుతుంది, వెలుతురుకి పట్టి చూస్తుంది. మనిషి ఎవరో తెలియదు. ఏ పక్క నమిలే మనిషో తెలుస్తుంది.

సాయంత్రానికి జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లటి పొడి. అత్తగారు గుమ్మంలోనే ఆపేస్తుంది.

“దులుపుకుని రా. పొద్దున నల్ల జుట్టుతో పోతావు, సాయంత్రానికి నా ఈడుకొచ్చేస్తావు.”

ఇల్లు రెండు గదులు. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. వారంలో సగం పొరుగూళ్ళలోనే. మిగిలేది అత్తాకోడళ్ళు, ఒక కిటికీ, బోలెడంత మాట.

ఫొటోల పిచ్చి ఎలా పట్టిందో ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చేసిన పని డాక్టరుకు చూపించడానికి ఫోన్లో ఫొటో తీసేది. తెల్లటి బల్ల మీద తెల్లటి దవడ. నీడ ఎటు పడితే అంచు కనిపిస్తుందో వెతకాల్సి వచ్చేది. అలా నీడలు వెతకడం అలవాటైంది. తర్వాత బయట కూడా వెతికింది.

ఫొటోలు తీసేవాళ్ళ గ్రూపు ఒకటి ఆన్‌లైన్‌లో ఉందని తెలిసి చేరింది. అప్పట్లో అక్కడ ఎవరి ఫొటో వాళ్ళు పెట్టుకుని, ఎవరి పొగడ్త వాళ్ళు పట్టుకుపోయేవారు. కాకిపిల్ల కాకికి ముద్దు. పక్కవాడి పిల్లను చూసిన కాకి లేదు. ఒక సోమవారం బస్సులో నిలబడి ఆమె రాసింది: “ఈ వారం అందరం గొళ్లెం తీద్దామా?”

నవ్వారు. “కొంగల్ని తీసే లెన్సుతో గొళ్లెమా?” అన్నాడొకడు. మర్నాడు వాడే తన పెరటి తలుపు గొళ్లెం పెట్టాడు. దాని కింద ఇంకొకరిది. ఆదివారానికి ఎవరెవరి తలుపులో ఒకదాని కింద ఒకటి వరుసగా వేలాడాయి. దండలా ఉందని ఎవరో అన్నారు. పేరు అదే నిలిచింది. ఆమెను వారమక్క అనడం కూడా అప్పటినుంచే.

సోమవారం పొద్దున మాట పెడుతుంది. అంచు. చారలు. ఖాళీ కుర్చీ. ఆదివారం చీకటి పడేదాకా ఫొటోలు. ఆ వారం తీసినదే పెట్టాలి. మనిషికి ఒకటే. ఎదుటివాళ్ళ ఫొటో కింద సూపర్ అనకూడదు, చూసిందేమిటో రాయాలి. తనూ ప్రతి ఫొటో కిందా ఒక వాక్యం రాస్తుంది. “గొళ్లెం నున్నగా ఉంది, గోడ గరుకుగా ఉంది. ఈ తలుపు వాడతారు. గోడని ఎవరూ ముట్టుకోరు.” అలాంటి వాక్యం పడినవాడు మళ్ళీ వారం వచ్చేవాడు.

మొదటి నియమానికి కారణం ఒక బాబాయి. ఎప్పుడో ఏ సముద్రం ఒడ్డునో తీసిన సూర్యోదయం ఆయన దగ్గర ఉంది. ఎరుపు అంటే అదే పెట్టాడు. ఉదయం అంటే అదే. గిన్నె అన్న వారం కూడా అదే పెట్టి, కింద “ఆకాశమే గిన్నె” అని రాశాడు. ఆమె తీసేసింది. ఆయన అలిగాడు. ఆమె మళ్ళీ పెట్టనివ్వలేదు. కొన్నాళ్ళకు ఆయన నిజంగా ఒక గిన్నె తీసుకొచ్చాడు. అడుగున సొట్ట ఉంది.

అత్తగారు ఇదంతా కిటికీ దగ్గర కూర్చుని వినేది.

“ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ హోంవర్కు ఇస్తావు. ఇంట్లో ఫ్యాను తుడవమంటే మాత్రం వినపడదు.”

“ఈ వారం మాట అదే అత్తయ్యా. దుమ్ము.”

“అయితే తుడవకు. ఆదివారం దాకా ఆగుదాం.”

*

దండకు ఆమె దారమైతే గార్డుగారు ముడి. గూడ్సు రైళ్ళ వెనక పెట్టెలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చిన్న పాత కెమెరా. ప్రతి ఫొటో కింద చోటు, వేళ రాసేవాడు. “డాబా మీద, ఉదయం ఏడుంపావు.” అంతకు మించి ఒక్క మాట ఉండదు. ఆయన వెంట పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ వచ్చాడు. స్టేషన్ క్యాంటీన్ నడిపినావిడ వచ్చింది. వాళ్ళ వెంట వాళ్ళ బంధువులు. గ్రూపులో సగం రైలు జనమే.

మడత అన్న వారం ఆయన ఒక దుప్పటి పెట్టాడు. డాబా మీద ఇద్దరు పెద్ద వయసు ఆడవాళ్ళు దుప్పటి చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నారు. ఒకామె నవ్వుతోంది. రెండో ఆమె నవ్వు రాకుండా పెదవులు బిగించింది. దుప్పటి మధ్యలో కొంచెం జారింది. కింద ఎప్పటిలాగే వేళ.

ఆమె ఫోన్లో చూసి ఆగింది. ఏం రాయాలా అని ఆలోచిస్తూ చేతిలో పని పూర్తి చేస్తోంది. అంతలో, గ్రూపులో అందరూ లెన్సు మావయ్య అని పిలిచే ఆయన రాశాడు. ఆయన ఫొటోలో బొమ్మ చూడడు. లోపల దాగి ఉండే వివరాలు విప్పి, ఏ లెన్సు, ఏ తేదీ అని చూస్తాడు.

“వారమక్కా, ఇది ఈ వారానిది కాదు. కెమెరాలో తేదీ జనవరి ఒకటి. అదీ ఏనాటిదో. రూలు సూర్యోదయానికేనా, గార్డుకి లేదా?”

ఆమె చేతులకు ప్లాస్టర్. మోచేత్తో ఫోను తిప్పి తేదీ చూసింది. జనవరి ఒకటే. సంవత్సరం కూడా పాతదే. చెయ్యి తుడుచుకుని ఫొటో తీసేసింది. “పాత ఫొటో. తీసేశాను. నియమం అందరికీ ఒకటే” అని రాసింది. రాసి, గట్టిపడుతున్న ప్లాస్టర్ దగ్గరికి వెళ్ళింది.

గార్డుగారు “సరే” అన్నాడు. ఆ తర్వాత రాలేదు.

మరుసటి వారం దండలో ఆయన లేడు. పాయింట్స్‌మన్ లేడు. క్యాంటీనావిడ, “గార్డు దిగిపోయాక బండి కదలకూడదమ్మా, అది పద్ధతి” అని రాసి ఊరుకుంది. ఆ తర్వాతి వారం ఇంకా పలచబడింది. ఆమె వచ్చిన ప్రతి ఫొటోకీ వాక్యం రాసింది. వాక్యాలు రాయడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

*

గ్రూపు పెట్టింది స్టూడియో అన్న. బస్టాండు ఎదుట ఆయన స్టూడియో. గుర్తింపు కార్డులకు ఫొటోలు తీస్తాడు. ఆమె పని దిగి వెళ్ళేసరికి బల్ల మీద వంగి కత్తెరతో మొహాలు కత్తిరిస్తున్నాడు. గోడ పక్కన కొత్త పోస్టర్ల చుట్ట ఉంది.

“రామ్మా. నీకోసమే చూస్తున్నా.” చుట్ట విప్పి చూపించాడు. ఈ వారం మేటి ఫొటో. ఓటు వేయండి. గెలిచినవారికి కెమెరా సంచి. “ఎలా ఉంది?”

“అక్షరాలు బాగున్నాయి.”

“అక్షరాలు కాదమ్మా, సంగతి చూడు. దండ ఎండిపోతోంది. జనం రావాలంటే పోటీ ఉండాలి. నిన్నేం పక్కన పెట్టడం లేదు. నువ్వే జడ్జివి.”

“దండలో మొదటి పువ్వు, రెండో పువ్వు ఉండవన్నా.”

“కవిత్వం వద్దు. గార్డుగారి బండి మొత్తం వెళ్ళిపోయింది. నువ్వు పంపేశావు.”

“పాత ఫొటో పెట్టారు.”

“పెడితే పెట్టారు. చూసీ చూడనట్టు పోవాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలా?”

ఆమె పోస్టరు మళ్ళీ చుట్టి ఇచ్చింది. “సోమవారం నేను మాట పెడతాను.”

“పెట్టు. వచ్చే ఆదివారం దాకా ఆగుతా. గార్డుగారు దండలోకి వస్తే ఈ పోస్టర్లు గోడ ఎక్కవు. రాకపోతే ఆ మర్నాడే పోటీ. నేను మొండివాణ్ణి కాదు, నువ్వూ అవకు.”

“నేను మొండిదాన్నే అన్నా” అంది ఆమె. మామూలుగానే అంది.

*

ఆ సోమవారం మాట జేబు. తన ఫొటో కోసం అలమరలో పడి ఉన్న చిన్న కెమెరా తీసింది. భర్త పెళ్ళికి ముందు కొన్నది. చాలాకాలంగా ఛార్జింగు లేక చచ్చిపోయి ఉంది. ఛార్జింగు పెట్టి తెరిస్తే తేదీ అడిగింది. తర్వాత చూద్దాంలే అని నొక్కేసింది. కిటికీ దగ్గర అత్తగారు కొత్త కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. ఒక ఫొటో తీసింది. సరిగా వచ్చిందో లేదో అని ఫోన్లోకి తెచ్చి పెద్దది చేసింది.

“చూపించు. ముసలిదాన్లా ఉన్నానా?”

“కింద తేదీ చూస్తే పడుచుపిల్లే అత్తయ్యా. నాకు పెళ్ళి కాకముందుది అంటోంది.”

అత్తగారు ఫోను దగ్గరికి లాక్కుంది. “అప్పుడు నాకు అద్దాలెక్కడివే? పోయిన నెల కదా చేయించింది. కళ్ళజోడు కనపడుతుంటే తేదీ ఏమిటి, తేదీ.”

ఆమె ఫోను తీసుకుంది. జనవరి ఒకటి. కెమెరా తయారైన సంవత్సరం.

కెమెరా పక్కన పెట్టింది. తర్వాత పాత దండలు వెనక్కి తిప్పింది. మడతకు ముందు వారం మాట ముడి. అందులో గార్డుగారిది నీలం నైలాన్ తాడు. డాబా మీద నీళ్ళ ట్యాంకు పైపుకి కట్టాడు. దాని కింద తన వాక్యం: “తాడు కొత్తది. ఇంకా మెరుస్తోంది. ముడి వేసిన చెయ్యి పాతది.”

దుప్పటి ఫొటో ఇప్పుడు లేదు. అయినా కళ్ళు మూసుకుంటే కనిపించింది. ఇద్దరు ఆడవాళ్ళు, జారిన దుప్పటి, వాళ్ళ వెనక మెరుస్తున్న నీలం తాడు. అదే పైపు, అదే ముడి. చూసిందేమిటో రాయండని వారం వారం అందరికీ చెప్పే మనిషి తేదీ చదివింది. ఫొటో చూడలేదు.

“ఏమైందే?”

“ఒకరి ఫొటో తీసేశాను అత్తయ్యా. తీయకూడనిది.”

“అయితే మళ్ళీ పెట్టెయ్.”

“తీసేస్తే ఇక ఉండదు. ఆయనే ఇవ్వాలి.”

“ఇవ్వకపోతే?”

“ఇచ్చేదాకా అడుగుతాను.”

అత్తగారు అద్దాలు పెట్టుకుంది. “ఆయనకి ఓపిక ఉందో లేదో పాపం.”

*

గార్డుగారు ఫోను ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇల్లు రైలు గేటు అవతల అని తెలుసు, అంతే. శనివారం పని దిగి గేటు దగ్గర బస్సు దిగింది.

ఎప్పుడూ రాని వీధి. అయినా ఒక్కటీ కొత్తది కాదు. చారలు అన్న వారం ఆయన పెట్టిన వెల్డింగు షాపు షట్టరు ఎడమ పక్కన ఉంది. పలక ఊడిన బెంచీ దాని ముందే ఉంది. అది లోటు అన్న వారానిది. ఫొటోల్లో ఇవన్నీ పెద్దవి. ఇక్కడ చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. తెలిసిన మనుషుల్ని మొదటిసారి నిలువునా చూసినట్టుగా ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళింది. వంగిన ఊచ ఉన్న గేటు దగ్గర తల ఎత్తింది. డాబా మీద నీలం తాడు. ఎండకు మెరుపు తగ్గింది.

గేటులో ఒకావిడ బకెట్టు తోముతోంది. దుప్పటి ఫొటోలో నవ్విన ఆవిడ.

“గార్డుగారి ఇల్లు ఇదేనా అండీ?”

“కరెంటు బిల్లు మాత్రం నా పేరునే వస్తుంది. ఎవరమ్మా నువ్వు?”

“ఫొటోల గ్రూపులో వారం వారం మాట పెడతాను.”

ఆవిడ బకెట్టు వదిలి లోపలికి కేకేసింది. “వదినా, ఆ అమ్మాయి వచ్చింది.”

“ఏ అమ్మాయి?” లోపలినుంచి.

“మనల్ని తీసేసిన అమ్మాయి.”

“రానీ. కుర్చీ వెయ్యి. నిలబెట్టి తిడితే బాగుండదు.”

పెదవులు బిగించిన ఆవిడ వచ్చింది. గార్డుగారి అక్క. మడత వారం నుంచి తమ్ముడి ఇంట్లోనే ఉంది. ఇద్దరూ ఆమెకు ఎదురుగా కూర్చున్నారు. మంచినీళ్ళు ఇచ్చారు. తాగేదాకా ఆగారు.

“ఇప్పుడు చెప్పు” అంది అక్క. “మా దుప్పటి నీకేం చేసింది?”

“ఏమీ చెయ్యలేదండీ. నేనే సరిగా చూడలేదు.”

“మేమిద్దరం మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా? నేను వచ్చినా, ఇది వంటింట్లో, నేను వరండాలో. ఆ పూట దుప్పటి ఆరేసి ఉంది. ఒక్కతే మడత పెట్టలేక తిప్పలు పడుతుంటే రెండో కొస పట్టుకున్నాను. దుప్పటి మడత పెట్టాలంటే దగ్గరికి రావాలి కదా. ప్రతి మడతకీ ఒక అడుగు.”

“చివరి మడతకి చేతిలో చెయ్యి పడింది” అంది గార్డుగారి భార్య. “అసలు ఎందుకు మానేశామో నాకు గుర్తే లేదు.”

“నాకు గుర్తుంది. చెప్పను.”

“చూశావా, ఇలాంటి మనిషితో వేగాలి నేను.”

లోపలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. చాలాసేపటికి గార్డుగారు బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. చొక్కా మార్చుకోవడానికే ఆగినట్టున్నాడు.

“నియమం ప్రకారం చేశావమ్మా. దానికి ఇంత దూరం రావడం ఎందుకు?”

“ఫొటో ఆ వారానిదే. కెమెరా తేదీ తప్పండీ.”

“తెలుసు.”

“తెలిసి చెప్పలేదేం?”

ఆయన గోడ వైపు చూశాడు. అక్కడ గడియారం తప్ప ఏమీ లేదు. భార్య అందుకుంది.

“ఎలా చెప్తారు? ఇంట్లో ఏ గడియారం ఒక్క నిమిషం తప్పినా అన్నం సహించదు ఈయనకి.”

“ఉద్యోగం చేసినన్నాళ్ళూ బండి ఎక్కేముందు గడియారం సరిచూసుకున్నాను” అన్నాడు గార్డుగారు. “ఆ వారమే కెమెరా బ్యాటరీ పాతదైతే మార్చాను. తేదీ అడిగింది. తర్వాత చూద్దాంలే అని నొక్కేశాను. గడియారం తప్పితే గార్డుదే తప్పు. ఆ మాట పదిమందిలో నేను రాయలేను. అందుకని సరే అన్నాను.”

“పాయింట్స్‌మన్‌గారు, క్యాంటీనావిడ మీరు అలిగారనుకుంటున్నారు.”

“అనుకోనీ. అలక నయం.”

“మీరేం రాయక్కర్లేదండీ. నేను రాస్తాను. ముందు వారం మీ ముడి కింద కొత్త తాడు అని రాసింది నేనే. ఆ తాడే దుప్పటి వెనక ఉంది. ఫొటో చూసి ఉంటే తేదీ అబద్ధమని అప్పుడే తెలిసేది. నాకు ఆ ఫొటో కావాలి. తీసిన చోటే పెడతాను.”

“ఆ వారం బండి వెళ్ళిపోయిందమ్మా.”

“బండి వెళ్ళలేదండీ. నేను మిమ్మల్ని దింపేశాను.”

ఆయన చొక్కా బొత్తాం సరిచేసుకున్నాడు. “తేదీ సరిచేశాను. కావాలంటే మళ్ళీ తీస్తాను. వీళ్ళిద్దరూ ఇక్కడే ఉన్నారు.”

“మళ్ళీనా?” అంది అక్క. “ఇప్పుడు మేం మాట్లాడుకుంటున్నాం కదరా. ఆ మొహాలు ఎక్కణ్ణుంచి తెస్తాం? అదే ఇవ్వు. నా నడుం లావుగా పడింది. పడనీ.”

“పోటీ పెడుతున్నారటగా” అన్నాడు గార్డుగారు. “నేను రాకపోతే.”

“పెడతారట. అది వేరే సంగతండీ. ఫొటో దానికోసం అడగడం లేదు.”

“ఇవ్వకపోతే?”

“కూర్చుంటాను.”

కూర్చుంది. వెల్డింగు షాపు మూసేస్తున్న చప్పుడు వీధిలోంచి వినిపించింది. గార్డుగారు గదిలోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

“సిగ్నలు పడందే కదలరు ఈయన” అంది భార్య. లేచి, లోపలికి వెళ్ళి, కెమెరా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. “పడింది. కదలండి.”

*

రాసేముందు స్టూడియో అన్నకు ఫోను చేసి చెప్పింది. పెద్దమనిషి అలా వెళ్ళిపోయాడని ఆయనకీ బాధే. అయినా రాయొద్దన్నాడు.

“ఫొటో ఊరికే పెట్టెయ్. తప్పు అని రాయకు. ఒకసారి ఒప్పుకుంటే రేపు ప్రతివాడూ నీతో వాదిస్తాడు. ఇక నీ మాట ఎవడు వింటాడు?”

“వాదించనీ అన్నా. వాదించాలంటే ఫొటో చూడాలి కదా.”

మడత దండలో, తీసేసిన చోట, దుప్పటి మళ్ళీ వచ్చింది. కింద ఆమె రాసింది: “ఈ ఫొటో ఆ వారానిదే. నేను తేదీ చూసి తీసేశాను. బొమ్మలో ఉన్న కొత్త తాడు చూడలేదు. తప్పు నాది. ఇకమీదట తేదీలు విప్పి చూడం. అనుమానం వస్తే బొమ్మలో వెతకండి. అక్కడ దొరక్కపోతే మనిషిని అడగండి.”

కెమెరా గడియారం ఊసు అందులో లేదు.

“అడిగితే నిజం చెప్తారా?” అని లెన్సు మావయ్య రాశాడు.

“చెప్పకపోతే ఆ సంగతి వాళ్ళకి తెలుస్తుంది. మీరు ఈ దుప్పటిలో ఏం చూశారో రాయండి మావయ్యా.”

ఆయన చాలాసేపటికి రాశాడు. “ఇద్దరి చేతుల గాజుల్లో ఒకే రంగు. దుప్పటి మధ్యలో జారింది, ఎవరూ పట్టించుకోలేదు.” ఆయన బొమ్మ గురించి రాయడం అదే మొదలు.

ఆదివారమంతా పాత దండ కింద వాక్యాలు పడుతూనే ఉన్నాయి. జేబు దండలోకి పాయింట్స్‌మన్ వచ్చాడు. లాంతరు మరక ఉన్న జేబు పెట్టాడు. క్యాంటీనావిడ వచ్చింది. గార్డుగారు రాలేదు. ఆమె అన్నం తింటూ చూసింది, అంట్లు తోముతూ చూసింది.

“ఫోను కూడా తోమేస్తావు” అంది అత్తగారు.

చీకటి పడింది. స్టూడియో అన్న ఫోను చేశాడు.

“రాలేదుగా.”

“రాలేదు.”

“నేను మాటంటే మాటే అమ్మా. మిగతావాళ్ళు వచ్చారు, కాదనను. పొద్దున పోటీ పెడతా. ఏమీ అనుకోకు.”

“నేను మాట పెడతాను అన్నా. మీరూ ఏమీ అనుకోవద్దు.”

సోమవారం పొద్దున బస్సులో ఒక చేత్తో పట్టీ పట్టుకుని, రెండో చేత్తో రాసింది: “ఈ వారం: వెనక.” గ్రూపులో దానికి పైనే పోటీ పోస్టరు ఉంది. కెమెరా సంచి నిగనిగలాడుతోంది. ఓటు వేయండి అని కింద ఎర్ర బాణం. ఆమె ఫోను సంచిలో వేసి బస్సు దిగింది.

ఆ పూట అచ్చులు చాలా వచ్చాయి. ప్లాస్టర్ కలపడం, పోయడం, కలపడం. మధ్యాహ్నం చేతులు కడుక్కుని ఫోను తీసింది.

వెనక కింద మొదటి ఫొటో గార్డుగారిది. వీధిలో నడిచి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, వెనకనుంచి. మధ్యలో ఒకే సంచి, చెరో పిడి. కింద రాశాడు: “ఇంటి ముందు, ఉదయం ఎనిమిదింపావు. గడియారం సరిచూశాను. ఇంతకుముందు నా కెమెరా గడియారం తప్పింది, అది నా తప్పు. జేబు కూడా తీశాను. తీసేసరికి నిన్న చీకటి పడింది, అందుకని పెట్టలేదు. వేళ దాటాక పెట్టడం పద్ధతి కాదు.”

పదిమందిలో రాయలేనన్న మాట రాశాడు. దాని కింద పాయింట్స్‌మన్. ఆ కింద లెన్సు మావయ్య. ఇంకా కొత్తవాళ్ళు కొందరు, దుప్పటి చూసి వచ్చినవాళ్ళు.

పైకి వెళ్ళి చూసింది. పోటీ పోస్టరు లేదు. కింద చివరన స్టూడియో అన్న ఫొటో ఉంది. గ్రూపు పెట్టినప్పటి నుంచి ఆయన దండలో ఒక్కటీ పెట్టలేదు. ఇది కొంచెం కదిలింది. కత్తెరలు, కత్తిరించిన మొహాల ముక్కలు, వాటి కింద బల్ల నిండా పరిచిన తెల్ల కాగితం.

ఆమె పెద్దది చేసి చూసింది. తర్వాత రాసింది: “కాగితం తిరగేసి పరిచారు. అవతలి అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి. ఒక మూల ఎర్ర బాణం. చెయ్యి కదిలింది.”

వెంటనే ఆయన జవాబు వచ్చింది. “కదిలితే తీసేస్తావా?”

“ఎందుకు తీస్తాను? ఈ పొద్దున తీసిందేగా.”

“తేదీ చూశావా?”

“చూడలేదన్నా.”

ఇంకా నాలుగైదు ఫొటోలకు వాక్యాలు రాయాలి. భోజనం వేళ అయిపోవచ్చింది. గార్డుగారి ఫొటో దగ్గరికి పైకి వెళ్ళింది. సంచి పిడులు రెండూ సమానంగా లాగి ఉన్నాయో, ఎవరివైపైనా వంగిందో చూసింది. అక్క వైపు కొంచెం వంగింది. అది రాసింది. అవతలి బల్ల దగ్గర ఎవరో పిలిచారు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, గిన్నెలో నీళ్ళు పోసి, పొడి కలపడం మొదలుపెట్టింది.